మచ్చలు చూడని లెన్సు

మొన్న మా కోడలు కొత్త వంటేదో చేస్తానని వెనిగర్ సీసా తెచ్చింది. మూత తీసిందో లేదో, ముక్కు అదిరేంత పులుపు వాసన వంటింట్లోంచి వసారాలోకి వచ్చింది. “ఏమత్తా, వాసన పడలేదా?” అని అడిగింది నా మొహం చూసి. పడకపోవడం కాదు. ఆ వాసన నేను రోజూ పీల్చిన కాలం ఒకటుంది. ఫోటోలు కడిగే మందుల్లో ఒకదానికి అచ్చం అదే వాసన. కర్నూల్లో మేము అద్దెకున్న ఇంటి వెనక, ఒకప్పుడు పత్తి బోరాలు వేసుకున్న కొట్టును చీకటి గదిగా మార్చుకుని, ఎర్ర బల్బు కింద తడి చేతులతో నిలబడే హలీమమ్మ కళ్ళ ముందుకొచ్చింది. ఆమె పోయి చాలా కాలమైంది. ఈ ఇంట్లో ఆమె పేరు నాకు తప్ప ఎవరికీ తెలియదు. అందుకే రాస్తున్నాను, నాకు ఇప్పటికీ మింగుడు పడని సంగతితో సహా.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మా ఆయన సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఆఫీసులు డేరాల్లో ఉండేవి, కాపురాలు కూడా కొన్ని డేరాల్లోనే. కడప నుంచి ట్రంకుపెట్టెతో దిగిన మాకు తుంగభద్రకు దగ్గర్లో మహబూబ్ సాహెబు గారింట్లో రెండు గదులు దొరకడం అదృష్టమే. సాయిబుల ఇంట్లో అద్దెకా అని మూతి విరిచిన మా అత్తగారు, ఆ ఇంటి చల్లటి నాపరాళ్ళ మీద ఒక ఎండాకాలం మధ్యాహ్నం పడుకుని లేచాక మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మహబూబ్ సాహెబుకు బజారులో ఫోటో స్టూడియో ఉండేది. కొయ్య కెమెరా, దాని వెనక నల్లగుడ్డ, గోడ మీద ఎప్పటికీ వాడని పూలతోట బొమ్మ. ఆయన భార్య హలీమమ్మ. నలభై దాటిన మనిషి, పొట్టి, గట్టి. నన్ను పేరుతో ఎన్నడూ పిలవలేదు, “కడప పాపా” అనేది. ఆ వయసులో నాకు కోపం ముక్కు మీదుండేది. ఇప్పుడు మాత్రం తగ్గిందా అని మా పిల్లలు నవ్వుతారు. హలీమమ్మ ముందు మాత్రం ఆ కోపం నిలిచేది కాదు. “ఉండనీలే, ఆ కోపాన్ని బెల్లం పాకం పట్టి దాచిపెట్టు, చలికాలంలో తిందాం” అనేది.

స్టూడియోకు రాని ఆడవాళ్ళను ఇళ్ళకు వెళ్ళి ఫోటో తీయడం ఆమె పని. అప్పట్లో మా సీమలో సాయిబుల ఇళ్ళలోనే కాదు, పెద్ద రెడ్ల ఇళ్ళలోనూ ఘోషా ఉండేది. బయటి మగవాడి ముందు కూర్చుని ఫోటో తీయించుకోవడమనే మాటే లేదు. హలీమమ్మ బురఖా వేసుకుని, కెమెరాను గుడ్డసంచిలో చుట్టుకుని, జట్కాలో వెళ్ళేది. మా ఆయన ఆఫీసుకు పోయాక నేనూ ఆమె వెంట పోయేదాన్ని. ఆమెకొక కట్టడి ఉంది. ఆడవాళ్ళ ఫిలిము తానే కడుగుతుంది, బొమ్మ తానే దించుతుంది, కవరులో పెట్టి ఆ ఇంటి ఆడవాళ్ళ చేతికే ఇస్తుంది. “మా సాహెబు గూడా చూడడు. చూస్తే ఆ పూట అన్నం పెట్టను” అని చెప్పేది. ఆ నమ్మకం మీదే ఊళ్ళో తలుపులన్నీ ఆమెకు తెరుచుకునేవి.

తలుపులు తెరుచుకుంటే సరిపోదు, వెలుతురు కావాలి. మా మిద్దె ఇళ్ళలో లోపలి గదులకు కిటికీలుండవు. పైకప్పులో ఒక కంత వదిలి దాన్ని గవాచి అంటారు, దానిలోంచి పడే వెలుతురే వెలుతురు. ఆ గదుల్లో కొయ్య కెమెరా దేనికీ పనికిరాదు. హలీమమ్మ దగ్గరున్నది చిన్న జర్మనీ కెమెరా. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయి ఒకాయన మహబూబ్ సాహెబుకు అమ్మినది. దాని లెన్సు ముందుభాగం చాలా పెద్దది. పూర్తిగా తెరిస్తే, దీపాలు పెట్టే వేళప్పుడు గదిలో మిగిలే ఆ కాస్త వెలుతురును కూడా తాగేసేది. సాహెబుకు మాత్రం అదంటే గిట్టదు. “కండ్లలో పొర పడిన ముసిలోని మాదిరుండాది ఇది. అంచులు కనపడవు, దీపముంటే చుట్టూ పొగ. దీన్ని చేసినోడు సగంలో లేచి పోయినట్టుండాడు” అనేవాడు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆ లెన్సుకు లేని లోపం లేదు. లోపల గాజులో ఒక చిన్న బుడగ. ముందువైపు, సిపాయి చొక్కా కొసతో తుడిచిన గీతలు. పూర్తిగా తెరిచినప్పుడు కళ్ళు మాత్రం తేటగా పడేవి. చెవుల దగ్గరికి వచ్చేసరికి మనిషి కరగడం మొదలయ్యేది. వెనకున్న గోడ, తలుపు, ఉట్టి అన్నీ గిర్రున తిరిగి ఆగినట్టుండేవి. తెల్లటి వస్తువు ప్రతిదాని చుట్టూ పలచటి మెరుపొకటి ఉండేది, కాచిన పాల మీద మీగడ లాగా. హలీమమ్మకు ఇవన్నీ కంఠతా వచ్చు. ఏ మూల ఎంత కరుగుతుందో, గవాచి వెలుతురు ఏ పక్కనుంచి పడితే మెరుపు పుడుతుందో, ఎక్కడ పడితే పాడవుతుందో ఆమెకు తెలుసు. “దీనికి అన్నీ చూపించేది రాదు పాపా. ఏది చూడాల్నో అదే చూస్తాది. నీ మొగుడు నిన్ను చూసేటప్పుడు ఉట్టిని గూడా చూస్తాడా?” అని అడిగింది ఒకసారి. నేను సిగ్గుపడి లేచిపోయాను.

ఆ కెమెరా పట్టడం నాకూ నేర్పింది. దాని కంతలోంచి చూస్తే ఒక మనిషి ఇద్దరుగా కనిపిస్తుంది. లెన్సు ఉంగరం తిప్పుతూ పోతే ఆ ఇద్దరూ జరిగి జరిగి ఒకటవుతారు, అప్పుడు నొక్కాలి. “రెప్ప మీద కలుపు. ముక్కు మీద కలిపితివా, కండ్లు పోతాయి. ఊపిరి బిగబట్టుకో. నువ్వు ఆత్రపడితే అది ఊరుకోదు.” నేను తీసినవన్నీ ముక్కులే. ఆమె తీసినవి మనుషులు. ఆలూరు దగ్గర ఒక పెద్ద రెడ్డి గారింటికి పోయి కొత్త కోడలిని తీసిన ఫోటో ఇచ్చినప్పుడు, ఆ ఇంటి పెద్దావిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, “ఏమ్మా హలీమా, మా వడ్డాణం యాడ పోయ? కాసులపేరు యాడ పోయ? అంతా పొగలో పోయినట్టుండాదే” అని నిలదీసింది. హలీమమ్మ బెదరలేదు. “వడ్డాణం పెట్టెలోనే ఉంటాది పెద్దమ్మా, కావాలన్నప్పుడు తీసి చూసుకో. నీ కోడలు ఇట్ల నవ్వింది నువ్వు ఎప్పుడైనా చూసినావా?” అంది. పెద్దావిడ మళ్ళీ చూసింది. చాలాసేపు చూసి, అలాంటిదే ఇంకొకటి కావాలంది.

నా ఫోటో కూడా తీసింది. మా పెద్దవాడు కడుపులో ఉన్నప్పుడు. మా ఆయన దాన్ని చూసి, “బాగుంది, ఎవరీమె?” అన్నాడు. రెండు పూటలా అన్నం వడ్డించే మనిషిని గుర్తుపట్టని మొగుణ్ణి ఏమనాలి? ఆ పూట నేనతనితో మాట్లాడలేదు. హలీమమ్మకు చెబితే పడీ పడీ నవ్వింది. ఆ నవ్వులో నేనూ కలిశాను. ఆ ప్రశ్నలో నవ్వకూడనిది ఒకటుందని అప్పుడు మా ఇద్దరికీ తోచలేదు.

మెహరున్ మా వీధి చివర బట్టల వ్యాపారి కూతురు. హలీమమ్మకు పిల్లలు లేరు; ఆ పిల్ల పాకడం మొదలుపెట్టిన నాటి నుంచి సాహెబు గారింట్లోనే పెరిగింది. హలీమమ్మను పిన్ని వరసగా ఖాలా అని పిలిచేది, నన్ను అక్కా అనేది. చిన్నప్పుడు అమ్మవారు పోసి బతికి బయటపడింది. ముఖం నిండా మచ్చలు, దగ్గర దగ్గరగా, లోతుగా. వాటి మధ్య పెద్ద కళ్ళు. మాట చురుకు, పని చురుకు. కడపలో బట్టల అంగడి ఉన్న వాళ్ళ నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి తల్లి వచ్చి పిల్లను చూసి, మచ్చలూ చూసి, పిల్ల గుణం నచ్చి ఒప్పుకుంది. అబ్బాయి సలీం మాత్రం నిఖాకు ముందు పిల్ల ఎలా ఉంటుందో చూడాలని చెల్లెలి చేత అడిగించాడు. ఎదురుగా చూపడం వాళ్ళలో లేదు. ఫోటో అయితే ఆడవాళ్ళు తీసి, ఆడవాళ్ళు తీసుకుపోయి చూపిస్తారు కదా అని పెద్దలు సరేనన్నారు.

ఆ ఫోటో తీసిన సాయంత్రం నేను పక్కనే ఉన్నాను. గవాచి వెలుతురు మెహరున్ ముఖానికి ఎదురు తిరిగేట్టు తెల్ల దుప్పటి పట్టుకుని నిలబడ్డాను. హలీమమ్మ లెన్సును పూర్తిగా తెరిచింది. ఎప్పుడూ తీసినట్టే తీసింది, పెన్సిలుతో ఎక్కడా దిద్దలేదు. స్టూడియోల్లో నెగటివుల మీద పెన్సిలుతో మచ్చలు పూడ్చడం మామూలే కానీ ఆమెకది అసహ్యం. బొమ్మ మందులో తేలుతున్నప్పుడు మేమిద్దరం అలాగే చూస్తూ ఉండిపోయాం. కళ్ళు మాత్రం పైకి లేచి వచ్చాయి. చెంపలు మెరుపులో కలిసిపోయాయి, మచ్చ అనేది లేదు. “చూడు, నా బిడ్డ” అంది హలీమమ్మ. అది మోసమని ఆమెకు తోచలేదు, నాకూ తోచలేదు. ఆమెకు మెహరున్ రోజూ అలాగే కనిపించేది మరి. ఫోటో కడపకు పోయింది. కొడుకు ఫోటో చూశాడు కదా, ఇక చెప్పేదేముందని తల్లి అనుకుంది. తల్లి చూసి వచ్చింది కదా, ఇక అడిగేదేముందని కొడుకు అనుకున్నాడు.

నిఖా కర్నూల్లోనే జరిగింది. తర్వాత జల్వా అని ఒక ముచ్చట ఉంటుంది. పెండ్లికొడుకునూ పెండ్లికూతురునూ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఇద్దరి తలల మీదా ఎర్ర దుపట్టా పట్టి, మధ్యలో అద్దం పెడతారు. అతను భార్య ముఖం మొదట చూసేది ఆ అద్దంలోనే. ఆడవాళ్ళందరం చుట్టూ మూగి నవ్వుతున్నాం. సలీం అద్దంలోకి చూశాడు. చూసి, తల ఎత్తి మెహరున్ పక్కకు చూశాడు, అక్కడ ఇంకెవరో కూర్చుని ఉండాలన్నట్టు. అంతే. మళ్ళీ అద్దంలోకి చూసి, అందరూ ఎదురుచూస్తున్న నవ్వు నవ్వాడు. ముసలమ్మలు దీవించారు, చక్కెర పంచారు. ఆ చూపును పట్టుకున్నది నేనూ హలీమమ్మా మాత్రమే అనుకున్నాను. ఇంటికొచ్చాక ఆమె బురఖా కూడా తీయకుండా మంచం మీద కూర్చుంది. “నిఖాలో వాడు వేరే మనిషికి కబూల్ చెప్పినాడు పాపా” అంది. నేనేదో సర్ది చెప్పబోయాను. కాపురం చేస్తే అవే సర్దుకుంటాయి లాంటి మాటలు. ఆమె వినలేదు.

మరుసటి ఏడు ఎండాకాలంలో మెహరున్ పుట్టింటికి వచ్చింది. వచ్చిన రోజే మా దగ్గరికొచ్చి, చీకటి గది గడప మీద కూర్చుంది. మొగుడు తిడతాడా, కొడతాడా అని హలీమమ్మ అడిగింది.

“అయ్యో, శానా మంచోడు ఖాలా. గట్టిగా ఒక మాట అనడు. నాకు ఏం కావాల్నో అడక్కముందే తెస్తాడు. అంగట్లో గల్లాపెట్టె తీసినప్పుడల్లా ఆ ఫోటో చూసుకుంటాడు. ఇంటికొచ్చి నాతో మాట్లాడేటప్పుడు మాత్రం గోడను చూస్తాడు.” మళ్ళీ తనే అంది, “నాకు సవతి ఉండాది ఖాలా. అది నేనే.”

మెహరున్ హలీమమ్మ చేయి పట్టుకుంది. “ఇంకో ఫోటో తీయి. మిట్టమధ్యాన్నం ఎండలో తీయి. ఒక్క మచ్చ గూడా పోకుండా రావల్ల. దాన్ని తీస్కపోయి ఆ పెట్టెలో పెడతా. రోజూ చూస్తే అలవాటయితాడు. ఒకనాటికి తల తిప్పి నన్ను చూస్తాడు.”

“తీస్తాలేమ్మా” అంది హలీమమ్మ. ఆ పిల్ల కోరింది చిన్న కోరిక. లెన్సు నోరు చిన్నది చేసి ఎండలో తీస్తే ఆ కెమెరా కూడా సూదిమొన అంత తేటగా తీయగలదు. నేనే తీయగలిగేదాన్ని.

మరునాడు మిద్దె మీదికి ఎక్కాం. కాలు పెడితే బొబ్బలెక్కే ఎండ. మెహరున్ ముసుగు వెనక్కి తీసేసి, గడ్డం ఎత్తి కూర్చుంది, వైద్యుడి ముందు కూర్చున్నట్టు. హలీమమ్మ లెన్సు చిన్నది చేసింది. కంతలో కన్ను పెట్టింది. ఉంగరం తిప్పింది, మళ్ళీ తిప్పింది. కెమెరా దించింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది, చెమట అనుకున్నాను. “ఎండ కండ్లలో పడి చిట్లిస్తాండావు బేటా. ఇట్ల నీడకు రా” అని మెట్ల గది లోపలికి పిలిచింది. అక్కడ వెలుతురు మెత్తగా ఉంది. మెహరున్ నమ్మకంగా వచ్చి కూర్చుంది. హలీమమ్మ వేళ్ళు లెన్సు మీద కదలడం నేను చూశాను. నీడకు వచ్చాం కాబట్టి కొంచెం తెరుస్తోందిలే అనుకున్నాను.

చీకటి గదిలో బొమ్మ తేలింది. అవే కళ్ళు, అదే మెరుపు. మచ్చలు లేవు. మునుపటిదాని కంటే ఇదే ఇంకా అందంగా ఉంది, ఆ కళ్ళలో ఇప్పుడొక దిగులు కూడా ఉంది కనుక. నాకు ఒళ్ళు మండిపోయింది. “ఇదేమిటి హలీమమ్మా, ఆ పిల్ల అడిగిందేమిటి, నువ్వు తీసిందేమిటి?” అని అరిచాను. ఆమె బొమ్మను నీళ్ళలో అటూ ఇటూ కదుపుతూ, “చెయ్యి రాలే పాపా” అంది. “ఎండలో చూస్తే నా బిడ్డ ముఖం పుండు మాదిరి అగపడె. నొక్కలేకపోతి.”

ఇంకోటి తీద్దామంటే వ్యవధి లేదు. ఏదో అవసరం పడి, అనుకోకుండా ఆ సాయంత్రమే మెహరున్‌ను తీసుకుపోవడానికి మరిది వచ్చాడు. ఆమె పరుగున వచ్చి ఫోటో అందుకుంది. చూసింది. మేము తిడుతుందనుకున్నాం, ఏడుస్తుందనుకున్నాం. ఏదీ చేయలేదు. ఫోటోను గడప మీద పెట్టి, “నువ్వు గూడా నన్ను చూడలేకపోతివి ఖాలా” అంది. మెల్లగానే అంది. ముసుగు వేసుకుని వెళ్ళిపోయింది.

హలీమమ్మ ఆ తర్వాత ఇళ్ళకు పోవడం మానేసింది. పిలుపులు వస్తే మోకాళ్ళ నొప్పులని చెప్పేది. ఆ ఏడే రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది, దాంతోపాటు మేమూ. ఒకటి రెండేళ్ళకు కర్నూలు వచ్చి చూస్తే ఆమె సాహెబు స్టూడియోలోనే ఆడవాళ్ళకని తెర కట్టిన మూలలో కొయ్య కెమెరాతో ఫోటోలు తీస్తోంది. ప్రతి నగా, ప్రతి మచ్చా, తోట బొమ్మలో ప్రతి ఆకూ పడుతున్నాయి. ఊళ్ళో అందరూ మెచ్చుకుంటున్నారు. వాటిలో ఒక్కటీ నాకు గుర్తు లేదు. జర్మనీ కెమెరా ఏమైందని అడిగితే పెట్టెలో ఉందంది. “దాని తప్పు ఏముండాది పాపా? దాని గుణం అది. ఎప్పుడు తెరవల్ల, ఎప్పుడు మూయల్ల అనే బుద్ధి గ్లాసుకుంటాదా? నాకుండల్ల” అంది. కడపకు పోయి మెహరున్‌ను ఇంకోసారి తీసి వద్దాం, నేనూ తోడొస్తానన్నాను. తల ఊపింది. వచ్చే చలికాలంలో పోదామంది. ఆ చలికాలానికి ముందే జ్వరంతో పోయిందని మా ఆయన ఆఫీసులో పనిచేసే కర్నూలు మనిషి చెబితే తెలిసింది.

మెహరున్‌ను నేను మళ్ళీ చూసింది కడప పెద్ద దర్గా దగ్గర. నేను మొక్కు తీర్చుకోవడానికి పోయాను. ఆమె పక్కన ఇద్దరు పిల్లలు, చేతిలో పూల పొట్లం. నన్ను ఆమే గుర్తుపట్టి అక్కా అని పిలిచింది. ఎండలో నిలబడే మాట్లాడుకున్నాం. ఖాలా గురించి చెప్పాను. ఆమెకు తెలుసు. మీ ఆయన బాగున్నాడా అని అడిగాను.

“బాగుండాడు. ఆ ఫోటో గూడా ఉండాది. కొసలు నలిగిపోతే కొత్త అద్దం కట్టించినాడు.” నవ్వింది. తర్వాత, పిల్లలు వినకుండా కాస్త పక్కకు జరిగి అంది, “నన్ను పానంగా చూసుకున్నోళ్ళు ఇద్దరే అక్కా. ఆమె, ఈయన. ఇద్దరూ నన్ను చూడల్యా.”

ఆమె ముఖంలోకి, ఆ ఎండలో, కళ్ళు తిప్పుకోకుండా చూశాను. కనీసం నేనైనా చూడాలనే పంతంతో చూశాను. ఆమెకది అర్థమైంది కాబోలు, ముసుగు వెనక్కి జరిపి నిలబడింది. నుదురు, చెంపలు, గడ్డం అన్నీ చూశాను. మరిచిపోకూడదు అనుకున్నాను. పిల్లలు చెయ్యి పట్టి లాగేదాకా ఆమె అలాగే నిలబడింది.

ఇప్పుడు నా కళ్ళకు శుక్లాలు తీసి కొత్త అద్దాలు పెట్టారు, అన్నీ తేటగా కనిపిస్తున్నాయి. హలీమమ్మ నేర్పిన చూపు మాత్రం ఏ వైద్యుడూ మార్చలేకపోయాడు. మెహరున్‌ను తలుచుకున్నప్పుడు ఆ దర్గా వాకిలి వస్తుంది, పిల్లలు వస్తారు, పూల పొట్లం వస్తుంది, ఆమె అన్న మాట అన్నట్టే వినిపిస్తుంది. ముఖం దగ్గరికి వచ్చేసరికి పెద్ద కళ్ళు, మెరుస్తున్న చెంపలు. ఒక్క మచ్చను కూడా నేను గుర్తు తెచ్చుకోలేను.